వాడిన ఎండ

మా నాపరాయిపేటకు ఎండలు కొత్త కాదు. ఎండల మీద అధికారులు కొత్త.

ఉగాది దాటకముందే రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునే ఊరు మాది. ఇంతకాలం ఆ ఎండను మేము ఎవరి అనుమతీ లేకుండానే భరించాం. తలకు తువ్వాలు చుట్టుకునేవాళ్ళం. మజ్జిగ తాగేవాళ్ళం. మధ్యాహ్నం తలుపులు మూసుకుని, నేల మీద నీళ్ళు చల్లుకుని పడుకునేవాళ్ళం. చేతిలో నాలుగు రాళ్ళున్నవాళ్ళు డాబా మీద సున్నం కొట్టించుకునేవాళ్ళు. తెల్లటి డాబా కింద ఇల్లు చల్లగా ఉంటుందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే పసిపిల్లలకు తెలిసినదాన్ని పథకం అనరు కాబట్టి, పురపాలక సంఘంలో కొత్తగా శీతల కప్పుల విభాగం తెరిచారు. దానికి ప్రత్యేకాధికారిగా గిరిధరరావుగారు వచ్చారు.

గిరిధరరావుగారు వస్తూనే పనిలోకి దిగారు. పురపాలక భవనం మూడో అంతస్తులో ఒక పెద్ద హాలు ఖాళీ చేయించి, దానికి నాలుగు మూలలా ఏసీలు పెట్టించారు. చల్లదనం గురించి ఆలోచించవలసినవాళ్ళు ఉక్కపోతలో కూర్చుంటే ఆలోచనలు పక్కదారి పడతాయని ఆయన వాదం. ఆ ఏసీల వెనుక పెట్టెలను పడమటి గోడకు బిగించారు. గోడ అవతల చిన్న సందు, సందు అవతల బాలికల ప్రభుత్వ వసతిగృహం. విభాగం చల్లబడుతున్నంతసేపూ ఆ పెట్టెలు వేడిగాలిని సందు దాటించి, హాస్టల్ పైహాలు కిటికీల్లోకి కొట్టేవి.

ఆ పైహాల్లో పదో తరగతి ఆడపిల్లలు ఉండేవాళ్ళు. అక్కడే చదువు, అక్కడే పడక. పరీక్షలు దగ్గరపడ్డాయి. హాస్టల్ వార్డెన్ పేరు ఎస్తేరు రాణి. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది, పట్టు గట్టి. పైహాలు శ్లాబు పొద్దుగూకిన తర్వాత కూడా పెనంలా ఉండేది. పిల్లలు చాపలు తడిపి పరుచుకుని, అవి ఆరగానే లేచి మళ్ళీ తడుపుకుంటూ, తెల్లారేసరికి మండే కళ్ళతో పుస్తకాలు తీసేవాళ్ళు.

శీతల కప్పుల మీద అవగాహన సదస్సు అని ఊళ్ళో మైకు తిరిగితే, ఎస్తేరు రాణి వెళ్ళింది. సదస్సు ఏసీ ఉన్న కల్యాణ మండపంలో జరిగింది. గిరిధరరావుగారు చాలాసేపు మాట్లాడి, సందేహాలుంటే అడగవచ్చన్నారు.

ఎస్తేరు రాణి లేచి నిలబడింది. "నాకు సందేహం లేదు సార్. మా హాస్టల్ శ్లాబుకి సున్నం కావాల. పైన పిల్లలు ఉడికిపోతన్నారు."

"సున్నం అనకండమ్మా. పరావర్తన లేపనం అనాలి."

"అదే వేయించండి సార్."

"లేపనాన్ని ముందు ప్రమాణీకరించాలి. ఆ మేరకు ఉపసంఘాన్ని నియమించాం. వర్షాకాలంలో సమావేశమవుతుంది."

"వర్షాకాలంలోనా సార్?"

"ఎండాకాలంలో సభ్యులు ఊళ్ళో ఉండరమ్మా," అన్నారు గిరిధరరావుగారు. ఆ సమాధానంలో ఆయనకు వింతేమీ కనపడలేదు. తర్వాతి ప్రశ్న అడగమన్నారు. ఎవరూ అడగలేదు. మండపం చల్లగా ఉంది, చాలామంది నిద్రపోతున్నారు.

ఆ వారంలోనే కరుణ అనే పిల్లకు చదువుకుంటూ చదువుకుంటూ ముక్కులోంచి రక్తం కారింది. పుస్తకం పేజీ ఎర్రబడితే, ఆ పిల్ల ముందు పుస్తకాన్ని తుడుచుకుని, తర్వాత ముక్కు తుడుచుకుంది. అది చూసిన ఎస్తేరు రాణి ఉపసంఘం కోసం ఆగదలచుకోలేదు. బజారుకు పోయి సున్నం బస్తాలు తెప్పించింది. వంటమనిషి మరియమ్మ కొంగు బిగించింది. ఇద్దరూ కలిసి డ్రమ్ముల్లో సున్నం నానేసి, బంక కలిపి, ఆదివారం పొద్దున్నే డాబా ఎక్కారు. మేమూ వస్తామని పిల్లలు మెట్ల దాకా వచ్చారు.

"మీ పని చదువు. పోయి చదువుకోండి," అని ఎస్తేరు రాణి వాళ్ళను వెనక్కి పంపింది.

ఒకదాని మీద ఒకటి మూడు పూతలు వేశారు. సున్నానికి చేతులు ఒరుసుకుపోయి మరియమ్మ రెండు రోజులు ముద్ద కలపలేక చెంచాతో తిన్నది. అయితేనేం, మర్నాడు సాయంత్రం కరుణ ట్రంకుపెట్టె మీద నిలబడి అరచెయ్యి పైకప్పుకు ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

"మేడం, కాలట్లా," అంది.

ఆ రోజు పిల్లలు చాపలు తడపకుండానే పడుకున్నారు.

మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే హాస్టల్ డాబా పాలు పరిచినట్టు కనిపించింది. గిరిధరరావుగారు ఎంతో సంతోషించారు. ఫోన్‌తో ఫొటో తీసి, విభాగం తొలి విజయమని రాజధానికి పంపారు. హాస్టల్ గేటు పక్కన బోర్డు పాతించారు. "శీతల కప్పుల విభాగం వారి ప్రథమ నమూనా కప్పు. తాకరాదు."

"సున్నం మనం కొట్టి, పేరు వాళ్ళదా?" అంది మరియమ్మ.

"పిల్లలు నిద్రపోతన్నారు కదా. బోర్డు మీద ఎవరి పేరుంటే మనకేంది," అంది ఎస్తేరు రాణి.

అంతా బాగానే ఉండేది. కానీ తెల్లటి కప్పు తన ధర్మం తాను నెరవేర్చింది. ఎండను వెనక్కి పంపింది. పొద్దెక్కేకొద్దీ హాస్టల్ డాబా మీది వెలుగు సందు దాటి, మూడో అంతస్తు కిటికీలోంచి లోపలికి వచ్చి, గిరిధరరావుగారి ముఖం మీద కూర్చుంది. కంప్యూటర్ తెర కనిపించడం మానేసింది. ఆయన కళ్ళు చిట్లించి సంతకం పెడితే అది పక్కవారి గడిలో పడింది. ఏసీలు పెంచారు. వెలుగుకు ఏసీతో పనిలేదు.

విభాగంలో జూనియర్ అసిస్టెంటు వెంగళ్‌రెడ్డి అనే కుర్రవాడు ఉండేవాడు. ఉద్యోగంలో కొత్తగా చేరినందువల్ల అతనికి ఇంకా తేలికైన ఉపాయాలు తోస్తుండేవి.

"కిటికీకి కర్టెన్ వేయిస్తే సరిపోద్ది సార్," అన్నాడు.

"కప్పులను నిరంతరం పరిశీలించుట మన విధుల్లో మొదటిది. కర్టెన్ వేస్తే పరిశీలన ఎలా?"

"పోనీ కుర్చీ ఇటు తిప్పుదామా సార్?"

"కుర్చీ వాస్తు ప్రకారం వేసింది."

వెంగళ్‌రెడ్డి ఊరుకున్నాడు. గిరిధరరావుగారు మాత్రం ఊరుకోలేదు. కిటికీలోంచి వస్తున్న వెలుగును చూస్తూ ఆలోచించారు. ఇంటికొచ్చిన నీళ్ళు వాడుకున్నాక వాడిన నీరవుతాయి. వాటిని వీధిలోకి వదిలితే నేరం. కాలువలోకి వదలాలి. మరి ఇంటి మీద పడిన ఎండను వాడుకోకుండా పక్కింట్లోకి వదిలితే? ఇంతవరకు దేశంలో ఎవరికీ ఈ ప్రశ్న రాలేదని గ్రహించి ఆయన కొంచెంసేపు తన్మయులయ్యారు. మర్నాడు ఎస్తేరు రాణికి నోటీసు వచ్చింది.

"మీ ప్రాంగణపు కప్పుపై పడిన ఎండను మీ హద్దుల్లోనే వినియోగించుకొనక, లేదా తగు రీతిన విసర్జించక, పొరుగు ప్రాంగణంలోనికి యథేచ్ఛగా వదులుచున్నట్లు గమనించడమైనది" అని అందులో ఉంది.

ఎస్తేరు రాణి ఆ కాగితం పట్టుకుని మూడంతస్తులు ఎక్కింది.

"ఎండ నాది కాదు సార్. పైనుంచి వచ్చింది," అంది.

"వచ్చేంతవరకు అది ప్రకృతిది. మీ కప్పు మీద పడింది మొదలు మీ బాధ్యత. మీ కప్పును వదిలి బయలుదేరిందంటే అది వాడిన ఎండ. వాడిన ఎండను ఎవరి హద్దుల్లో వాళ్ళు పారబోసుకోవాలి."

"ఎండను ఎట్టా పారబోస్తారు సార్?"

"అది మీ ప్రణాళికలో మీరే పొందుపరచాలి. విధానం చెప్పడం వరకే మా పని."

"తెల్లరంగు వేసుకోమని చెప్పింది మీరే గదా. ఎండ ఎనక్కి పోద్ది, అందుకే చల్లగుంటదని సదస్సులో మీరే అన్నారు."

"వెనక్కి పోతుందన్నాను. పక్కకి రావచ్చని అనలేదు."

ఎస్తేరు రాణి కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. ఏసీ పెట్టెలు గుయ్యిమంటూ హాస్టల్ వైపు వేడి ఊదుతున్నాయి.

"మరి ఇదో, మీ మిషన్ల వేడి మా పిల్లల మీదికి వస్తంది. దాన్నేమంటారు సార్?"

గిరిధరరావుగారు ఈ ప్రశ్నకు సిద్ధంగానే ఉన్నారు. "అది యంత్ర జనిత ఉష్ణం. మా విభాగం పరిధి సూర్య జనిత ఉష్ణం వరకే. మీరు సరైన శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు."

"ఏ శాఖ సార్?"

"అది ఇంకా ఏర్పడలేదు."

ఈలోగా వాడిన ఎండ సిద్ధాంతం రాజధానికి చేరింది. అక్కడ ఏసీ గదుల్లో కూర్చున్నవారికి అది చాలా లోతైన ఆలోచనగా తోచింది. ఇంత చిన్న ఊరినుంచి ఇంత పెద్ద భావన రావడం హర్షణీయమని జవాబు వచ్చింది. మే నెలలో జరిగే సమావేశంలో దీని మీద ప్రసంగించవలసిందిగా గిరిధరరావుగారిని ఆహ్వానించారు. దాంతో ఊళ్ళో ఎక్కడ తెల్ల డాబా కనిపిస్తే అక్కడికల్లా నోటీసులు వెళ్ళాయి. సొంతంగా సున్నం కొట్టించుకున్నవాళ్ళు రాత్రికి రాత్రే నేరస్థులయ్యారు. బియ్యం మిల్లు యజమాని తన డాబా మీద ఊక పోయించాడు. ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు తన వాడిన ఎండను ఆకాశంలోకి వదులుకోవడానికి అనుమతి కోరుతూ తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాడు. ఆకాశం రెవెన్యూ రికార్డుల్లో నమోదై లేనందున అనుమతి ఇవ్వజాలమని తహసీల్దారు జవాబిచ్చారు. నమోదుకు ఎవరు దరఖాస్తు చేయాలని పోస్టుమాస్టరు మళ్ళీ రాశాడు. హద్దుదారుడు చేయాలని జవాబు వచ్చింది.

హాస్టల్ డాబాకు సర్వేయరు వచ్చాడు. గొలుసు పట్టుకుని, వెలుగు ఎటు పోతుందో కొలవడం మొదలుపెట్టాడు. పొద్దున ఒకవైపు పోయిన వెలుగు మధ్యాహ్నానికి మరోవైపు పోయింది. హద్దు కదులుతున్న ఆస్తిని తన సర్వీసులో చూడలేదని రాసి, వడదెబ్బ సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. అయినా ఆయన నివేదికలో ఒక విషయం విభాగానికి పనికొచ్చింది. సూర్యాస్తమయం తర్వాత హాస్టల్ డాబా మీదినుంచి ఎటువంటి ఉల్లంఘనా జరగడం లేదు.

దాని ఆధారంగా ఉత్తర్వు వెలువడింది. నమూనా కప్పు రాష్ట్రస్థాయిలో పేరు తెచ్చుకున్నది కాబట్టి దాని తెలుపును చెరపరాదు. అదే సమయంలో వాడిన ఎండను పొరుగున వదలరాదు. కావున కార్యాలయ పనివేళల్లో కప్పును నల్లటి పట్టాతో పూర్తిగా కప్పి ఉంచాలి. సాయంత్రం అయిదు తర్వాత, ఆదివారాల్లో, రెండో శనివారాల్లో కప్పు తెల్లగా ఉండవచ్చు.

పట్టాను విభాగమే పంపింది. రాజధాని నుంచి వచ్చిన ఉత్సాహం వల్ల అది చాలా తొందరగా వచ్చింది.

నల్లటి పట్టా కింద శ్లాబు రెండు రోజుల్లోనే పాత కసి తీర్చుకుంది. ఒకవైపు పైనుంచి పట్టా, మరోవైపు కిటికీలోంచి ఏసీ పెట్టెలు. పిల్లలు మెట్ల మీద, వంటగది వసారాలో, నీళ్ళ తొట్టి పక్కన ఎక్కడ జానెడు నీడ దొరికితే అక్కడ పుస్తకాలు పట్టుకుని సర్దుకున్నారు. ఒక మధ్యాహ్నం కరుణ మెట్ల మీద కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రిలో సెలైను పెట్టారు. కళ్ళు తెరిచాక ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "మేడం, పరీక్ష రాయనిస్తారా," అని.

"రాస్తావు," అంది ఎస్తేరు రాణి. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, సంచిలోంచి ఉత్తర్వు తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. అంతవరకు ఆవిడ పైభాగమే చదివింది. కింద ఆఖరి పేరాలో ఇలా ఉంది. "ఈ ఉత్తర్వు వలన ఇబ్బంది కలిగినవారు కార్యాలయ పనివేళల్లో విభాగమును స్వయముగా సంప్రదించవచ్చును. ప్రతి అర్జీదారుని విడివిడిగా విచారించి పరిష్కరించబడును."

ఆవిడ ఆ పేరా రెండుసార్లు చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆవిడ ముఖంలో కోపం పోయి మరేదో వచ్చింది.

మర్నాడు విభాగం తలుపులు తీసే వేళకు పదో తరగతి పిల్లలందరూ వరుసగా మూడో అంతస్తు ఎక్కారు. ఒక్కొక్కరి చేతిలో పుస్తకాలు, చాప, మంచినీళ్ళ సీసా. వెనకాల మరియమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. హాలంతా చాపలు పరిచారు. నాలుగు మూలలా ఏసీలు చల్లగా వీస్తున్నాయి. ఒక పిల్ల "అబ్బ" అని కళ్ళు మూసుకుంది.

గిరిధరరావుగారు వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. కుర్చీ దాకా వెళ్ళడానికి దారి లేదు.

"ఏమిటిది?"

"ఇబ్బంది కలిగినవాళ్ళం సార్. స్వయంగా సంప్రదించను వచ్చాం," అంది ఎస్తేరు రాణి.

"అందరూ కలిసి ఒక అర్జీ ఇచ్చి వెళ్ళండి."

"విడివిడిగా విచారిస్తామని రాశారు సార్. మాకేం తొందర లేదు. మీ వీలునుబట్టి ఒక్కొక్కరినే పిలవండి. పిలిచిందాకా పిల్లలు చదువుకుంటారు."

ఆయన వెంగళ్‌రెడ్డి వైపు చూశారు. వెంగళ్‌రెడ్డి ఉత్తర్వు నకలు తీసి చూసి, "అట్లాగే ఉంది సార్," అన్నాడు.

విచారణ మొదలైంది. మొదటి పిల్లను పిలిచి ఇబ్బంది ఏమిటని అడిగారు. వేడి అంది. వేడి స్వభావం ఏమిటని అడిగారు. పిల్ల ఆలోచించి, "కాలద్ది సార్," అంది. ఆ ముక్కను కార్యాలయ భాషలోకి మార్చి రాసేసరికి మధ్యాహ్నమైంది. మరియమ్మ అన్నం వడ్డించింది. పప్పుచారు వాసన విభాగమంతా పరుచుకుంది. తిన్నాక పిల్లలు భౌతికశాస్త్రం తీశారు. మా ఊరి బడుల్లో చదువంటే గొంతెత్తి చదవడమే.

"పతన కోణం పరావర్తన కోణానికి సమానం," అని కరుణ చదివింది. పిల్లలందరూ ఒకే గొంతుతో అన్నారు. మళ్ళీ చదివింది. మళ్ళీ అన్నారు.

"కొంచెం మెల్లగా," అన్నారు గిరిధరరావుగారు, కిటికీలోంచి వచ్చే వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకుని. పట్టా ఆ రోజు గాలికి ఒక మూల లేచిపోయి ఉంది.

"మెల్లగా చదివితే గుర్తుండదు సార్," అంది కరుణ. అబద్ధం కాదు, ఆ పిల్లకు నిజంగానే గుర్తుండేది కాదు.

రోజూ ఇదే. విభాగం తెరిచేసరికి పిల్లలు, మూసేసరికి పిల్లలు. అర్జీదారులను బయటికి పంపడానికి నిబంధన లేదు. విచారణ తొందరగా ముగించడానికి అలవాటు లేదు. అంతమంది ఊపిరి, అన్నం గిన్నెల ఆవిరి, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు తట్టుకోలేక ఏసీలు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. నాలుగోది ఆగిపోయిన రోజు గిరిధరరావుగారు మొదటిసారి మా ఊరి ఎండను చొక్కా లోపల చూశారు. ఆ సాయంత్రమే సవరణ వచ్చింది. విద్యార్థినుల భవిష్యత్తును దృష్టిలో ఉంచుకొని, పరీక్షలు ముగియువరకు మాత్రమే, ఉత్తర్వుకు సడలింపు.

ఎస్తేరు రాణి, మరియమ్మ డాబా ఎక్కి పట్టా లాగి మడతపెట్టారు. కింద సున్నం పొరలు పొరలుగా లేచి ఉంది. మళ్ళీ పూశారు. ఈసారి పిల్లలను వెళ్ళమన్నా వెళ్ళలేదు. మోకాళ్ళ దాకా సున్నంతో, తెల్ల ముఖాలతో కిందికి దిగి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత పరీక్షలు రాశారు. కరుణ అన్ని పరీక్షలూ రాసింది. పెట్టెలు సర్దుకుని వెళ్ళేరోజు ఎస్తేరు రాణి నడుము పట్టుకుని ఏడ్చింది. "ఏడవాకే, బస్సు పోద్ది," అని ఎస్తేరు రాణి ఆ పిల్లను బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగాక తను కళ్ళు తుడుచుకుంది.

హాస్టల్ ఖాళీ అయింది. విభాగం ఏసీలు మాత్రం బాగుపడలేదు. వాటి మరమ్మతుకు టెండరు పిలవాలి, టెండరుకు ఉపసంఘం వేయాలి. మూడో అంతస్తులో కూర్చోలేక గిరిధరరావుగారు పట్టణంలో అతి చల్లని ప్రదేశమేదో సర్వే చేసి చెప్పమని వెంగళ్‌రెడ్డిని పంపారు. అతను ఊరంతా థర్మామీటరు పట్టుకుని తిరిగి వచ్చి, హాస్టల్ పైహాలు అన్నాడు. వేసవి సెలవులు ముగిసేవరకు ఆ హాలును విభాగపు తాత్కాలిక కార్యాలయంగా స్వాధీనం చేసుకుంటున్నట్టు వెంటనే కాగితం వచ్చింది. కుర్చీ వచ్చింది. దాన్ని వాస్తు ప్రకారం వేశారు. గిరిధరరావుగారు అందులో కూర్చుని, పైకప్పు వైపు చూసి, చాలా రోజుల తర్వాత హాయిగా నిట్టూర్చారు.

అంతలో పైన ఏదో ఈడ్చిన చప్పుడైంది. కాసేపటికి ఎస్తేరు రాణి చేతులు దులుపుకుంటూ మెట్లు దిగి వచ్చింది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?"

"పట్టా కప్పించాను సార్. పరీక్షలయిపోయినయి గదా, సడలింపు కూడా అయిపోయింది. పనివేళలు మొదలైనయి."

గిరిధరరావుగారికి విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. పైకప్పుకు అంత సమయం పట్టలేదు. మధ్యాహ్నానికి ఆయన మెడ చుట్టూ కాలరు నల్లబడింది.

"ఆ పట్టా తీయించండి," అన్నారు.

"ఉత్తర్వు ఉంది సార్."

"ఆ ఉత్తర్వు ఇచ్చింది నేనేగా."

"అందుకే గదా సార్ పాటిస్తంది. వాడిన ఎండ అనేది లేదు, ఉత్తర్వు రద్దు చేశాం అని ఒక్క ముక్క రాసివ్వండి. ఇప్పుడే తీయిస్తా."

వెంగళ్‌రెడ్డి తెల్లకాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. గిరిధరరావుగారు కలం మూత తీశారు. చెమట బొట్టొకటి కాగితం మీద పడి విచ్చుకుంది. వచ్చే వారమే రాజధానిలో ప్రసంగం. వాడిన ఎండ మీద రాష్ట్రమంతటికీ మార్గదర్శకాలు తయారు చేసే బాధ్యత ఆయనకే అప్పజెబుతారని గట్టిగా వినిపిస్తోంది. ఆయన ఆ చెమట మరకను చూస్తూ కూర్చుని, కలం మూత పెట్టేశారు.

"అంత వేడిగా ఏమీ లేదులెండి," అన్నారు.

"మంచిది సార్," అని ఎస్తేరు రాణి కిందికి దిగింది.

వంటింటి వసారాలో చింతపండు ఈనెలు తీస్తున్న మరియమ్మ తలెత్తి, "ఏమంటన్నాడు?" అని అడిగింది.

"చల్లగానే ఉందంట," అంది ఎస్తేరు రాణి. తనూ పీట వాల్చుకుని చింతపండు ముందుకు లాక్కుంది.